నల్లచుక్క చూసి తొందరపడని మా ఆడబిడ్డ

పోయిన మంగళవారం పొద్దున, కాఫీ నోట పెట్టుకునేలోపే నంద్యాల నుంచి మేనల్లుడి ఫోన్. "అత్తా, అమ్మ పోయింది. నిద్రలోనే." మా ఆయన అక్క, నా ఆడబిడ్డ, ఎవరికీ చెప్పకుండా చేసిన పని ఇదొక్కటే. మిగతావన్నీ చెప్పి, చెప్పించుకుని, మళ్లీ ఒకసారి సరిచూసి మరీ చేసేది.

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. పెండ్లయిన కొత్తలో నేనూ ఆ భయంతోనే కాపురానికి వచ్చాను. తీరా చూస్తే ఈమెకు నా మీద పెత్తనం చేసే తీరికే లేదు. నంద్యాలలో ఒక ఆసుపత్రి ల్యాబులో క్రిములను పెంచి, వాటి పేరు తేల్చడం ఆమె ఉద్యోగం. "కన్నబిడ్డల కంటే శ్రద్ధగా పెంచుతావు వదినా" అని నేనంటే, "ఇవి ఎదురు చెప్పవు గదమ్మే" అనేది.

ఇంట్లో పప్పు పొయ్యి మీద పెట్టి మరిచిపోయేది. ఆమె చేసిన ఉగ్గాని రెండోసారి అడిగినవాళ్లను నేను చూడలేదు. అదే మనిషి ల్యాబులో ఎస్.ఎస్. ఆగర్ కాస్తున్నప్పుడు పక్కన పిడుగు పడినా కదిలేది కాదు. టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా జాతిని పట్టడానికి వాడే మేత అది. పొడిని నీళ్లలో వేసి, కలియబెడుతూ మరిగించాలి. మిగతా వాటిలాగా ఆవిరి కుక్కర్‌లో పెడితే పాడైపోతుంది. గాజు పళ్లేల్లో పోస్తే నారింజ ఛాయ జున్నులా గడ్డకట్టేది. వాసన మాత్రం జున్నుది కాదు.

అందులోని పైత్యరసపు లవణాలు మామూలు పేగు క్రిములను తలెత్తనివ్వవు. సాల్మొనెల్లా మాత్రం తట్టుకుని, నడుమ నల్లచుక్క పెట్టుకుని పెరుగుతుంది. నేను బడిలో జీవశాస్త్రం చెప్పేదాన్ని కాబట్టి ఇదంతా పుస్తకం భాషలో అడిగేదాన్ని. ఆమె జవాబు వేరే ఉండేది: "ఇది పిలుపుల విందమ్మే. పిలిచినోళ్లే లోపలికి రావల్ల. అయినా పిలవనోడు ఒగడు దూరతాడు, నీ పెండ్లికి మీ పెదనాయన వచ్చినట్ల." ఆయన ఆ పూట రెండు పంక్తుల్లో కూర్చుని తిన్నమాట నిజమే.

నేను ఆళ్లగడ్డలో పనిచేస్తున్నప్పుడు మా బడి హాస్టల్లో పిల్లలకు వరసగా టైఫాయిడ్ వచ్చింది. వార్డెన్ చూపు వంటమ్మ మీద పడింది. అంతకుముందెప్పుడో ఆమెకు అదే జ్వరం వచ్చి తగ్గింది. జ్వరం పోయినా కొందరి ఒంట్లో క్రిమి దాక్కుని ఉంటుందని ఆయన విన్నాడు. అది అబద్ధమేమీ కాదు. కానీ పరీక్షకు ముందే ఆమెను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. వీధిలో ఆమె చేతి మజ్జిగ తాగడం మానేశారు. వంట తప్ప ఇంకో పని తెలియని మనిషి. జబ్బు అంటిస్తుందన్న పేరు గనక ఖాయమైతే ఇక ఎవరూ ఆమెను తమ గిన్నె ముట్టనివ్వరు.

నేనే ఆమెను బస్సెక్కించి నంద్యాల తీసుకుపోయాను. వదినె పరీక్షకు మలం నమూనా తీసుకుంది. ఫలితం చూసే రోజు వార్డెన్ కూడా వెంట వచ్చాడు. పళ్లెం మూత తీయకముందే అందరికీ కనబడ్డాయి నల్లచుక్కలు.

"ఇంకేం కావల్లమ్మా? ఉండాది గదా!" అన్నాడు వార్డెన్. వంటమ్మ పోయి గోడ పక్కన కూర్చుంది.

"యాడికప్పా అంత బేగా పోతాండావ్?" అంది వదినె, పళ్లేన్ని కిటికీ వెలుతురుకు పట్టి. "నల్లచుక్క దీనికొగదానికేనా? ప్రోటియస్ అని ఇంగోటి ఉండాది. అదీ ఇట్లనే బొట్టు పెట్టుకుంటాది. చెడ్డపేరు రాసేముందర అడగల్ల."

"ఎవర్నమ్మా అడిగేది?"

"దాన్నే."

ఒక్కో చుక్క నుంచీ సూదిమొనతో కాస్త తీసి, యూరియా ఉన్న లేత పసుపు గొట్టాల్లో వేసింది. ప్రోటియస్ అయితే పూట తిరిగేలోగా గులాబీ రంగు వస్తుంది. సాల్మొనెల్లా అయితే రాదు.

"సంతకం పెట్టీయమ్మా, నాకు బస్సుండాది" అని వార్డెన్ నస పెట్టాడు.

"బస్సు పోతే ఇంగో బస్సొస్తాది. ఈమె పేరు పోతే యాడ తెస్తావ్?"

సాయంత్రానికి గొట్టాలన్నీ గులాబీ రంగు తిరిగాయి. వంటమ్మ లేచి వచ్చి, దేన్నీ తాకకుండా, చేతులు కొంగులో చుట్టుకుని చూసింది. "ఇది మంచి రంగేనామ్మా?"

"నీకు మంచిదేలే."

వదినె అంతటితో వదల్లేదు. దాక్కునే జాతిని ఒక్కసారి చూసి లేదనకూడదని, తర్వాత కూడా నమూనాలు తెప్పించుకుంది. దేంట్లోనూ అది రాలేదు. హాస్టల్ తొట్టి నీళ్లు పరీక్ష పెడితే వాటిలో దొరికింది. తొట్టి పక్కనే మరుగుదొడ్డి గొట్టం పగిలి ఉంది. వార్డెన్ గొట్టం మార్పించి, వంటమ్మకు కబురు పంపాడు. ఆయన తప్పయిందని అనడం నేను వినలేదు. ఆమె చేతి సాంబారు మారు అడగడం మాత్రం చూశాను.

మొన్న వదినె సమాధి కార్యక్రమం అయ్యాక చర్చి హాల్లో ప్రార్థన కూడిక జరిగింది. పాస్టరు గారు ఆమె దయాగుణాన్ని గురించి చాలాసేపు చెప్పారు. ఆ మాట ఆమెకు గిట్టదు. వంటమ్మ విషయంలో నేనూ అట్లాగే మెచ్చుకోబోతే కసిరింది: "దయ ఏందీ? ఉండింటే ఉండాదనే రాసుందును." ఆ మాట విన్నాకే నాకు ఆమె మీద గౌరవం పెరిగింది. ప్రేమ అంతకుముందే ఉండేది, చెప్పలేదంతే. మేమిద్దరం అట్లాంటివి చెప్పుకునే రకం కాదు.

కూడిక ముగిసేసరికి వెనకవైపు నుంచి తిరగమాత వాసన వచ్చింది. వంటమ్మ ఆళ్లగడ్డ నుంచి మొదటి బస్సుకే వచ్చి వంట పని అందుకుంది. ఇప్పుడు ఆమెకూ జుట్టు నెరిసింది. నేను ముందురోజు నుంచి ఏమీ తినలేదని ఎవరు చెప్పారో, పళ్లెంలో అన్నం, పప్పు వేసుకుని నా ముందుకు వచ్చింది.

"నోరు తెరువు మేడమ్."

"నాకు చేతులు లేవా?"

"ఉండాయిలే. తెరువు."

మెత్తగా పిసికి ముద్ద చేసి, కింద ఎడమచేయి దోసిలిగా పట్టి, నా నోటి దగ్గర పెట్టింది. ఆమె వెనక జనం ఖాళీ పళ్లేలు పట్టుకుని, ఆ చేయి తమ వైపు తిరిగేదాకా నిలబడి ఉన్నారు.