కింది వాటా ఆంటీ నడక

మా కింది వాటాలో ఉండే ఆంటీ మూడు వారాల కిందట ఒక మంగళవారం ఉదయం చనిపోయారు. గుండె అన్నారు ఆస్పత్రిలో. ఆ గుండె కబురు ఏడాదిగా రోజూ నా కంప్యూటరుకు వస్తూనే ఉంది. అందుకేనేమో, ఈ నాలుగు మాటలు రాయాలంటే చెయ్యి సాగడం లేదు.

నేను ఇంజినీరును. బ్యాటరీ అక్కర్లేని చేతిపట్టీ ఒకటి తయారు చేస్తున్నాను. నడిచేటప్పుడు చెయ్యి ఊగుతుంది కదా, ఆ ఊపుకు లోపల చిన్న బరువు కదిలి కాస్తంత కరెంటు పుడుతుంది. దాంతోనే పట్టీ నాడి చూసి నాకు పంపుతుంది. కరెంటు సరిపడా పుడితే పచ్చ లైటు వెలుగుతుంది. చార్జింగు పెట్టడం మరిచిపోయే పెద్దవాళ్ళ కోసం ఇది. మా ల్యాబులో పెద్దవాళ్ళెవరూ లేరు. జనక్‌పురిలో నేను అద్దెకుండే ఇంటి మెట్ల కిందే ఆంటీ దొరికారు.

ఆవిడది శ్రీకాకుళం వైపు. అంకుల్ సైన్యంలో చేసి రిటైరయ్యారు. ఎన్ని కంటోన్మెంట్లు తిరిగినా ఆంటీ హిందీ కూడా శ్రీకాకుళం యాసలోనే మాట్లాడేవారు. కూరగాయల భయ్యాకు అది బాగానే అర్థమయ్యేది. పట్టీ కట్టుకుని రోజూ పార్కులో నడుస్తారా అని అడిగితే, గాజులు పైకి తోసి చెయ్యి చాపేశారు.

"గుండెకేటైనా తేడా వస్తే నీకు తెలిసిపోతాదన్నమాట. ఇంక డాక్టరెందుకు నాకు?"

నేను నవ్వాను. అప్పుడే కాదనాల్సింది.

సాయంత్రం ఆరింటికి పార్కులో చుట్లు వేసి, నేనింట్లో ఉంటే మెట్లెక్కి వచ్చి లైటు చూపించేవారు. రోజంతా ల్యాబులో ఏదో ఒకటి కాలిపోయి, మెట్రోలో నిలబడి వచ్చి, చెప్పులైనా విప్పకుండా కూలబడి ఉండేదాన్ని. "ఎలిగింది సూడు. ఇప్పుడైనా ఆ మొకం కాస్త ఎలగనీ," అనేవారు. ఇన్ని నెలలు లెక్కలెందుకని ఓసారి అడిగారు. "అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలీదా?" మనుషులు అన్నం కాదు ఆంటీ అన్నాను. "అచ్ఛా, సదువుకున్నదానివి," అని ఊరుకున్నారు.

దీపావళి తర్వాత ఆంటీ పైకి రావడం మానేశారు. నేను మెట్లెక్కిపోతుంటే కింది గుమ్మంలోంచే చెయ్యెత్తి లైటు చూపించేవారు. పొగ కమ్మి గాలి బాగాలేని ఆ వారాల్లో పార్కు ఖాళీగా ఉండేది, నా గ్రాఫు మాత్రం నిండుగా వచ్చేది. ఇంట్లోనే నడుస్తున్నారు కాబోలు అనుకున్నాను. నిజం చెప్పాలంటే అనుకోవాలనుకున్నాను. అంతకుముందు రెండు నమూనాలు పాడయ్యాయి. ఇది నిలబడితే నా పరిశోధన నిలబడుతుంది. నాడి వేగంగా ఉంది నిజమే, కానీ నడిచే మనిషికి నాడి వేగంగానే ఉంటుంది కదా.

ఆంటీ పోయిన నాలుగోరోజు, అలవాటు చొప్పున కంప్యూటరు తెరిచాను. సాయంత్రం ఆరింటికి ఆంటీ నడిచినట్టు గీత ఉంది. ముందురోజూ ఉంది. ఆ ముందురోజూ ఉంది.

కిందికి దిగాను. అంకుల్ టీవీ ముందు కూర్చున్నారు. ఆయన చేతికి ఆ పట్టీ ఉంది. విసనకర్ర విసురుతున్నట్టు చెయ్యి ఊపుతున్నారు.

"ఏంటంకుల్ ఇది?"

"మీ ఆంటీ ఇలాగే ఊపీదమ్మా. దీపావళి కాడ్నించి నాలుగడుగులేస్తే ఆయాసమొచ్చీది. నడక మానీసింది. ఇక్కడే కూకుని సీరియలు సూస్తా ఊపీది."

"నాకెందుకు చెప్పలేదు?"

"సెప్పొద్దంది. ఆ పిల్ల అలిసిపోయొస్తాది, లైటెలగకపోతే మొకం సిన్నబోతాది అనీది. ఆస్పత్రికెళ్దామంటే, ఏటైనా ఉంటే ఆ పిల్లకి తెలిసిపోదా అనీది."

నేను అక్కడే నేలమీద కూర్చుండిపోయాను. ఆవిడ కూర్చునే ఉన్నారు, నాడి పరుగెత్తుతూ ఉంది. చెయ్యి ఊగుతోంది కాబట్టి నా యంత్రం దాన్ని నడక అనుకుంది. యంత్రానికి తెలియదు, సరే. పద్దెనిమిది మెట్లు దిగి చూస్తే నాకు తెలిసేది. ఆంటీ చెప్పిన ఆ ఒక్క మెతుకు నేను పట్టుకు చూడలేదు.

దీపావళి నుంచి వచ్చిన లెక్కలన్నీ చెల్లవని, ఎందుకు చెల్లవో ల్యాబులో రాసి ఇచ్చాను. పని మళ్ళీ మొదటికి వచ్చింది. కోపం కూడా రావడం లేదు. ఆంటీ మీద రాదు, నా మీద రావడానికి ఓపిక లేదు. ఈ ఊళ్ళో నా మొహం చూసి నా రోజు ఎలా గడిచిందో చెప్పిన మనిషి ఆవిడొక్కరే. ఆవిడ మొహం నేను చూడలేదు.

ఆ రోజు లేవబోతుంటే అంకుల్ అడిగారు.

"ఇంకెన్నాళ్ళు ఊపాలమ్మా? ఆపితే నీ పరీక్ష పాడైపోతాదని మరీ మరీ సెప్పింది."

పట్టీ తీసుకుని వెళ్దామనే అనుకున్నాను. ఆ ఇంట్లో ఆయనకు ఆవిడ అప్పజెప్పిన పని అదొక్కటే మిగిలింది.

"ఇంకొన్నాళ్ళు, అంకుల్."

"ఠీక్ హై," అన్నారు.

ఇప్పుడు ఆ గ్రాఫు తెరవడం లేదు. సాయంత్రం ల్యాబు నుంచి త్వరగా బయల్దేరి, ఆరింటికల్లా వాళ్ళ గుమ్మంలో నిలబడుతున్నాను. అంకుల్ మొహం చూస్తాను. ఆయన టీవీ మీంచి కళ్ళు తిప్పి, చెయ్యెత్తి లైటు చూపిస్తారు. పచ్చగా వెలుగుతూ ఉంటుంది.