పాతబడని ప్యాకేజీ

కోటబొమ్మాళిలో నేను డీటీపీ సెంటర్ నడుపుతున్న రోజులవి. మా అక్క భర్త సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో బడిపంతులు. ఆ బడికి ఇంటర్నెట్ లేదు. అందుకని బావ శనివారాలు మా సెంటర్‌కొచ్చి పాఠాల వీడియోలు దించుకుని, వేటకెళ్ళేవాళ్ళ పిల్లలకు తన పాత ల్యాప్‌టాప్‌లో చూపించేవాడు. అందులో లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం వేసి, వీడియోలు దించే చిన్న ప్రోగ్రాం పెట్టింది నేనే.

ఒకరోజు చిరాగ్గా వచ్చాడు.

"ఏటే, నీ ప్రోగ్రాం ఒక్క వీడియో కూడా దించనంటన్నాది!"

చూశాను. వీడియోల సైటులో ఏదో మారింది. ప్రోగ్రాం రాసినవాళ్ళు వెంటనే కొత్త వెర్షన్ ఇచ్చారు. కానీ మా లినక్స్ రిపోజిటరీలో, అంటే మేమంతా ప్రోగ్రాములు తెచ్చుకునే ఉమ్మడి గిడ్డంగిలో, ఏడాది కిందటిదే ఉంది.

"కొత్తది ఉన్నాదంటన్నావు. మరక్కడ పెట్టరేటి?"

ఆ మాటే గిడ్డంగి చూసుకునేవాళ్ళందరికీ ఒకేసారి ఈమెయిల్ చేరే మెయిలింగ్ లిస్టుకు రాశాను. ఆ ప్రోగ్రాంను గిడ్డంగిలో పెట్టడానికి వీలుగా ప్యాకేజీ కట్టే ఆయన ఏదో చలిదేశంలో ఉంటాడు. జీతం లేని పని. "నేనొక్కడినే. తీరిక దొరకడం లేదు. మీరు చేస్తారా?" అని రాశాడు.

పెళ్ళికార్డులు కొట్టేదాన్ని, నాకు భయమేసింది. అయినా సరేనన్నాను. నా మొదటి ప్యాకేజీ మూడుసార్లు తిరిగొచ్చింది. ఒకసారైతే లైసెన్సు ఫైలే మరిచిపోయాను. ఆయన విసుక్కోకుండా తప్పెక్కడుందో చెప్పేవాడు. నాలుగోసారి, రిపోజిటరీలో తరచూ మారే ప్రోగ్రాముల కోసం విడిగా ఉంచిన విభాగంలోకి తీసుకున్నారు. ఆ సాయంత్రం సెంటర్‌కొచ్చినవాళ్ళందరికీ టీ ఇప్పించాను.

అప్పట్నుంచి పదిహేను రోజులకో కొత్త వెర్షన్. నేను కట్టడం, బావ ల్యాప్‌టాప్‌లో సరిచూడడం, పంపడం.

రెండేళ్ళకు కాన్పుకని శ్రీకాకుళం ఆస్పత్రిలో చేరాను. నెలన్నర కంప్యూటర్ ముట్టలేదు. వెర్షన్లు దాటిపోతున్నాయని ఒకటే బెంగ. ఇంటికొచ్చి చూస్తే కొత్తవన్నీ రిపోజిటరీలో ఉన్నాయి!

బావ నాకు చెప్పకుండా, తనకొచ్చిన ఇంగ్లీషులో లిస్టుకు రాశాడట. మా మరదలు బాలింత, పని ఆగిపోయింది, ఎవరైనా కట్టిపెడితే సరిచూసే పని నాది, అని. అది చదివి ఇద్దరు ముందుకొచ్చారు.

"ముందే సెప్పొచ్చు కదా బావా!"

"సెప్తే నువ్వు మంచం మీంచి లెగిసిపోతావు. నాకు కట్టడం రాదు గానీ, పని సేస్తన్నాదో లేదో సూసి సెప్పలేనేటి?"

ఆ ఇద్దరి ముఖాలూ నేనెప్పుడూ చూడలేదు. ఆ వారమే పనిని పంచుకుని, వంతులు రాసుకున్నాం. నా వంతు వచ్చినప్పుడు, ఒక చేత్తో ఉయ్యాల ఊపుతూ కొత్త వెర్షన్ కట్టాను. బావ సరిచూసి, సోమవారం బడికి తిమింగలాల వీడియో పట్టుకెళ్ళాడు.