ఎమ్లిన్ మూయని గేటు

వేల్స్ కొండల్లో గొర్రెలు కాసే ముసలి ఎమ్లిన్‌కి తన పొలాల్లోంచి దారిన పోయేవాళ్ళ మీద నమ్మకం లేదు; గేటు తెరిచి వదిలేస్తే తిట్టిపోస్తాడు. గేటు మూశామని ఎంత చెప్పినా, తనే వెళ్ళి గొలుసు లాగి చూసుకుంటేగాని అతనికి టీ గొంతు దిగదు. నిరుడు రోడ్డు మలుపులో పాల లారీ అతన్ని గుద్దేసింది; తొడ ఎముక విరిగి, నెత్తురు మడుగు కట్టింది. అంబులెన్సు హెలికాప్టర్ వచ్చి పక్కనే ఉన్న అతని పొలంలో దిగింది. డాక్టరమ్మ అక్కడికక్కడే రక్తం ఎక్కించి బతికించింది. గాల్లోకి లేచాక ఎమ్లిన్ కళ్ళు తెరిచాడు.

"గేటు మూశారా?"

"మూశాం పెద్దాయనా, మాట్లాడకు."

"గొలుసో?"

ఇప్పుడు చేతికర్రతో కుంటుతూ గేట్లన్నీ లాగి చూస్తాడు. హెలికాప్టర్ చప్పుడైతే, అది కొండ దాటేదాకా టోపీ తీసి నిలబడతాడు. ఆ రోడ్డు పక్క పొలంలోకి మాత్రం మందని తోలడు.

"బంగారంలాంటి గడ్డి, ఎవరి కోసం దాస్తున్నావయ్యా?" అని భార్య నెస్టా దెప్పుతుంది.

"రేపు ఇంకెవడికో దెబ్బ తగిలితే వాళ్ళెక్కడ దిగుతారే?"

రోడ్డు మీంచి స్ట్రెచర్ తేవడానికి వీలుగా ఆ పొలం గేటు బార్లా తెరిచే ఉంటుంది. అతని తిట్లకి జడిసి ఎవరైనా మూసిపోతారేమోనని, దాన్ని తాడుతో కంచెకి కట్టేశాడు.