తంబువా వెళ్ళాల్సిన ఇల్లు

ఫిజీలో నాందీ ఊరి చివర, చెరకు రైలు పట్టాలు దాటగానే ఒక పెద్ద లాండ్రీ ఉంది. దీవుల్లోని హోటళ్ళ దుప్పట్లూ తువ్వాళ్ళూ పడవల్లో ఒడ్డుకొచ్చి, లారీలెక్కి అక్కడికి చేరతాయి. రోలరు కింద నలిగి, పొగలు కక్కుతూ బయటికొచ్చే దుప్పటిని ఇద్దరు ఆడవాళ్ళు చెరో కొసా పట్టుకుని మడతపెట్టాలి. ఆ మడతల బల్ల దగ్గర ఉనైసిది పెద్దరికం. మనిషి భారీ, గొంతు అంతకన్నా భారీ. మొగుడు పోయాక ఇద్దరు ఆడపిల్లల్ని ఆ ఆవిరిలో నిలబడే పెంచింది.

సూపర్‌వైజరు సెమీ ఆమెకి స్వయానా మేనమామ కొడుకు, వరసకి బావ. బావామరదళ్ళు ఎదురుపడి ఒకరినొకరు ఏడిపించుకోకపోతే, వీళ్ళ మధ్య ఏం గొడవొచ్చిందోనని చుట్టాలు ఆరా తీసే ఊరు అది.

"ఉనైసీ, ఆ డబుల్ కాట్ దుప్పటి నీ నడుముకి సులులా చుట్టుకోడానికి చాలుతుందంటావా?" అనేవాడు సెమీ.

"చాలకపోతే నీ బట్టతల తుడవడానికి ఇస్తాలే బావా. అద్దంలా మెరవాలి కదా, మేం మొహం చూసుకుని పౌడరు రాసుకోడానికి!"

బల్లంతా ఘొల్లుమనేది. అందులో అందరికంటే పెద్దగా నవ్వేవాడు సెమీయే.

ఆ బల్ల దగ్గరికి షేయల్ వచ్చింది. చెరకు తోటల్లో ఉండే ఇండియన్ల పిల్ల. అమ్మానాన్నలు లేరు, ఆజీ, అంటే నాయనమ్మ, పెంచింది. సన్నగా, గాలికి ఊగే కర్రలా ఉండేది గానీ చేతులు చురుకు. ఉనైసికి జతగా వేశారు. మధ్యాహ్నం షేయల్ డబ్బాలోంచి రొట్టే చిక్కుడుకూరా, ఉనైసి మూటలోంచి ఉడికిన కర్రపెండలం బల్ల మీదకొచ్చేవి, అటూ ఇటూ చేతులు మారేవి.

సెమీ వేళాకోళం ఆ పిల్ల మీదకీ మళ్ళింది. "షేయల్ వచ్చాక సబ్బు ఖర్చు తగ్గిందర్రా. ఆ కూరవాసనకి మురికే పారిపోతోంది!" అన్నాడొకరోజు. అందరూ నవ్వారు. షేయల్ కూడా నవ్వింది. ఉనైసి కూడా నవ్వింది.

తర్వాత మాటలు వాసన దగ్గర ఆగలేదు. నడుం గురించి, జడ గురించి, పెళ్ళి గురించి పాకాయి. ఆ తర్వాత "రా, తువ్వాళ్ళు లెక్కపెడదాం" అని స్టోరు గదిలోకి పిలవడం మొదలైంది. ఒకరోజు షేయల్ ఆ గదిలోంచి విసురుగా బయటికొచ్చింది. మొహంలో నెత్తురుచుక్క లేదు. ఏమైందని ఉనైసి అడిగేలోపే బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుంది.

మర్నాటినుంచి ఉనైసి దుప్పటికి అవతలి కొస పట్టుకునేది ఆ బల్ల దగ్గరి పాతమనిషి తొరికా. షేయల్‌ని వెనక షెడ్డులో మరకల తొట్ల దగ్గర వేశారు. ఆ తొట్ల మందు ఘాటుకి కళ్ళు మండుతాయి, చేతులు పొట్టు రేగుతాయి. తప్పుచేసినవాళ్ళని అక్కడ వేస్తారని అందరికీ తెలుసు. పైగా ఆ పిల్లకి పనిరోజులు కూడా తగ్గించారు.

ఉనైసి తన టీ గ్లాసు పట్టుకుని తొట్ల దగ్గరికి వెళ్ళింది.

"ఏం చేశావే నువ్వు, ఇక్కడ పడేశారు?"

"ఏం లేదు ఆంటీ."

"ఏం లేకపోతే ఎవరూ ఇక్కడికి రారు."

షేయల్ చేతిలో తువ్వాలు తొట్లోకి వదిలేసింది. "చెయ్యేశాడు. తోసేశాను. అంతే. వచ్చే వారం మానేస్తున్నాను. ఆజీకి ఏదో ఒకటి చెప్తాలే. మీరు మాత్రం ఎవరితోనూ అనకండి. ఆయన మీ బావ కదా."

ఆ చివరి మాట ఉనైసికి చెంపదెబ్బలా తగిలింది. ఈ పిల్ల ఇన్నాళ్ళూ తనకి చెప్పుకోకపోవడానికి కారణం తనే.

లారీ దగ్గర సిగరెట్ తాగుతున్న సెమీని పట్టుకుంది.

"ఆ పిల్లని తొట్ల మీద ఎందుకేశావు?"

"అబ్బ, నువ్వు కూడానా! తమాషాకి ఏదో అన్నాను. దానికి రోషం ఎక్కువ. మనిద్దరం ఒకరినొకరు అనుకోవడం లేదూ?"

"నీకూ నాకూ వరస ఉంది బావా. ఆ పిల్లకీ నీకూ ఏం వరస?"

"వరసేంటి, పనిచోట అందరం ఒక కుటుంబమే."

"నువ్వొకటి అంటే నేను రెండు అంటాను. అందుకే అది వేళాకోళం. ఆ పిల్ల తిరిగి ఒక్క మాటంటే కూడు పోతుంది. దాన్ని వేళాకోళం అనరు. చేతిలో కర్ర ఉన్నవాడు ఆడే ఆట అంటారు."

సెమీ సిగరెట్ నేలకేసి నలిపాడు. "మా నాన్న నిన్ను ఎత్తుకుని పెంచాడు. గుర్తుంచుకో."

ఆమె గుర్తుంచుకుంది. ఆ వారమంతా నిద్ర సరిగ్గా పట్టలేదు. బల్ల దగ్గర విషయం కదిపితే ఎవరి దుప్పటి వాళ్ళు చూసుకున్నారు. "మీ ఇంటి గొడవ మా షిఫ్టుల మీదకి తేకు తల్లీ" అంది తొరికా. అయినా ఉనైసి షేయల్‌ని "నీ తరఫున చెప్పమంటావా?" అని అడిగింది. ఆ పిల్ల ఒక రోజు ఆలోచించుకుని, "నేనే చెప్తాను. మీరు పక్కన నిలబడండి చాలు" అంది.

ఇద్దరూ మేనేజరు వినేష్ గదికి వెళ్ళారు. చెడ్డవాడు కాదు వినేష్. గొడవంటే భయం. షేయల్ చెప్పిందంతా విని, పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, "సీజను మొదలవుతోంది. సెమీ లేకపోతే మెషిన్లు నడవవు. మీ ఫిజీవాళ్ళ పద్ధతిలో కూర్చుని సర్దుకోరాదూ?" అన్నాడు.

"నియమం ఏదో ఉండాలి కదా సార్, చట్టం ప్రకారం?" అంది ఉనైసి.

"ఎందుకు లేదు! గోడమీద నోటీసు ఉంది."

"ఏ గోడ?"

వినేష్ లేచి వెతికాడు. నోటీసు ఉన్నమాట నిజమే. టైర్ల కంపెనీ కేలండరు వెనకాల ఉంది.

అప్పుడే తలుపు తీసుకుని తొరికా లోపలికొచ్చింది. బయట నిలబడి వింటోందో ఏమో. "నన్నూ పిలిచేవాడు సార్, ఆ గదికి. నాకు అప్పుడు చంటిపిల్ల. నోరు మూసుకున్నాను" అంది. ఆమె వెనక ఇంకో ఇద్దరు. వినేష్ పెన్ను బల్ల మీద పెట్టేశాడు.

విచారణ జరుగుతుందని ప్రకటించారు. ఆ ఆదివారం చర్చి అయ్యాక ఉనైసి ఇంటికి మేనమామ ఎరోని వచ్చాడు. వెంట ఇద్దరు పెద్దమనుషులు, వాళ్ళ వెనక తలొంచుకుని సెమీ. ఇలాంటప్పుడు ఎదురు కూర్చోవాల్సిన ఉనైసి పుట్టింటి మగవాళ్ళెవరూ దగ్గర్లో లేరు, కాబట్టి చాప మీద తనే ఎదురుగా కూర్చుంది. ఎరోని కొబ్బరితాడు కట్టిన తిమింగలం పన్నుని, తంబువాని, రెండు చేతుల్లో పట్టుకున్నాడు. అది చేతికొస్తే కాదనడం కష్టం. దాని ముందు హత్యలే సమసిపోయాయంటారు.

"తప్పు జరిగింది తల్లీ" అన్నాడు ముసలాయన.  "దీనితో పూడ్చేద్దాం. విచారణ వద్దని ఆఫీసులో చెప్పు."

ఉనైసి చేతులు ఒళ్ళోంచి తియ్యలేదు.

"మామా, చిన్నప్పుడు మీ ఇంటికొచ్చి నేనడిగింది నువ్వెప్పుడైనా లేదన్నావా? చాప అడిగినా, దొడ్లో పంది అడిగినా?"

"మేనకోడలివి. నీ హక్కు అది. ఎలా లేదంటాను?"

"ఆ హక్కుతోనే అడుగుతున్నాను. దీన్ని నాకివ్వకు. దెబ్బ తగిలింది నాకు కాదు. ఎవరికి తగిలిందో ఆ ఇంటికి పట్టుకెళ్ళు."

పెద్దమనుషుల్లో ఒకాయన ఉలిక్కిపడ్డాడు. "ఇండియన్ల ఇంటికి తంబువానా? వాళ్ళకేం తెలుసు దీని విలువ?"

"తెలియకపోతే కూర్చుని చెప్పండి. నాలుగు తరాలుగా మన పక్కనే చెరకు నరుకుతున్నారు, అర్థం కాకపోదు. ఇంకో మాట మామా. ఇది మనసుల కోసం. ఆఫీసులో జరగాల్సింది ఆఫీసులో జరుగుతుంది. దాన్ని మాత్రం పూడ్చకండి."

 ఎరోని తంబువాని జాగ్రత్తగా గుడ్డలో చుట్టి, "అచ్చం మా చెల్లెలి నోరే నీది" అన్నాడు. కోపంగా అన్నాడో, మురిపెంగా అన్నాడో తెలియలేదు. "ఆ ఇంటి దారి చూపించు."

"ముందు ఆ పిల్లని అడగాలి" అంది ఉనైసి.

అడిగితే షేయల్, "రమ్మనండి. కానీ ఆయన పెద్దల వెనకాల దాక్కోకూడదు. నా మొహం చూసి చెప్పాలి" అంది.

వెళ్ళారు. రేకుల ఇంటి వరండాలో ఆజీ కుర్చీ వేసుకుని కూర్చుంది. వచ్చినవాళ్ళు నేలమీదే కూర్చునేసరికి గాభరాపడి తనూ దిగి కూర్చుంది. ఎరోని తనకొచ్చిన ముక్కల హిందీలో, మధ్యమధ్య చేతులతో, తన కొడుకు చేసిందీ, తను తెచ్చిందీ చెప్పుకొచ్చాడు. సెమీ వంతు వచ్చింది.

"నేను తమాషాకే..." అని మొదలుపెట్టాడు.

"నాకు తమాషాగా లేదు" అంది షేయల్.

సెమీ తలెత్తాడు. తండ్రి వైపు చూశాడు, ఆసరా దొరకలేదు. "తప్పు చేశాను. తోసేసినందుకు కక్షకట్టి తొట్ల మీద వేశాను. అది ఇంకా పెద్ద తప్పు" అన్నాడు.

ఆజీ తంబువాని అందుకుని, ఎలా పట్టుకోవాలో తెలియక పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుంది. "బరువుగానే ఉంది. మీవాడి మాటకీ ఇంత బరువుందో లేదో చూస్తాను" అంది. ముసలాయన బుద్ధిగా తలూపాడు.

"క్షమించానో లేదో నాకింకా తెలీదు" అంది షేయల్. "పనిలోకి మాత్రం వస్తాను."

ఆజీ అందరికీ నిమ్మాకు టీ పెట్టింది. ఆమెతో ఎరోని చెరకు ధర గురించీ, మోకాళ్ళ నొప్పుల గురించీ మాట్లాడుతుంటే సెమీ కప్పు పట్టుకుని మెట్ల మీద ఒంటరిగా కూర్చున్నాడు.

మర్నాడు వినేష్ మొహం వెలిగిపోయింది. "సర్దుకున్నారటగా! ఇక విచారణ ఎందుకు?"

"మా కోపం సర్దుకుంది సార్. మీ లాండ్రీ సర్దుకోలేదు. మీరు చెయ్యకపోతే కార్మిక శాఖకి నలుగురం కలిసి వెళ్తాం" అంది తొరికా. ఉనైసి నోరు తెరవాల్సిన పనే లేకపోయింది.

విచారణ జరిగింది. సెమీ సూపర్‌వైజరు పని పోయింది. చివరి హెచ్చరిక ఇచ్చి లారీల లోడింగుకి పంపారు. మెషిన్లు అతను లేకపోయినా నడిచాయి. ఆ మాట ఒప్పుకోవడానికి వినేష్‌కి కొంతకాలం పట్టింది. షిఫ్టులు ఒక్కరి ఇష్టానికి వదలకుండా, నెలకోసారి మారే ముగ్గురు కూర్చుని వెయ్యడం మొదలుపెట్టారు. స్టోరు గది చెక్క తలుపు తీసి అద్దం తలుపు పెట్టారు. మరకల తొట్లకి ఎవరి వంతు వాళ్ళకి వస్తుంది ఇప్పుడు, చేతికి గ్లవుజులు కూడా ఇస్తారు. కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజు పొద్దున్నే, ఫిజీ భాషలోనూ హిందీలోనూ, ఏది తగదో, జరిగితే ఎవరికి చెప్పాలో విడమరిచి చెబుతారు. ఆ చెప్పేవాళ్ళలో ఉనైసి ఒకతె. ఫిర్యాదులు వినడానికి పనివాళ్ళతో ఒక కమిటీ వేస్తే షేయల్ అందులో చేరింది.

సెమీ చాలా నెలలు ఉనైసితో మాట్లాడలేదు. మామిడిపళ్ళ కాలంలో ఎరోని ఇంట్లో భోజనాల దగ్గర ఎదురుపడి, నసిగి నసిగి, "మరదలా, నీతో వేళాకోళం ఆడొచ్చా, లేకపోతే దానికీ కమిటీ పర్మిషన్ కావాలా?" అన్నాడు.

"ఆడు బావా. నాకు తిరిగి అనే నోరుంది."

చుట్టాలు ఊపిరి పీల్చుకున్నారు.

కమిటీ ముందుకొచ్చిన మొట్టమొదటి ఫిర్యాదు మాత్రం ఉనైసికి జీవితాంతం గుర్తుంటుంది. ఒకరోజు టీ వేళ షేయల్ వచ్చి, "ఆంటీ, మీతో ఒక మాట" అంది. గొంతులో ఆఫీసు పలుకుంది.

"ఎవడే? ఎవడేమన్నాడు?" అంది ఉనైసి చొక్కా చేతులు పైకి మడుస్తూ.

"ఎవడూ కాదు. మీరే. రంబీ దీవినుంచి కొత్తగా వచ్చిన అమ్మాయిని రోజూ 'పచ్చిచేపా' అని పిలుస్తున్నారట. తనకి నచ్చలేదు."

"అయ్యో, ముద్దుగా అన్నానే! వాళ్ళు పచ్చిచేప తింటారని... తమాషాకి..."

ఆ మాట నోట్లోంచి వచ్చాక ఉనైసి ఆగిపోయింది.  షేయల్ నవ్వు ఆపుకుంటున్నట్టు పెదవులు బిగించింది.

ఉనైసి చేతులు తుడుచుకుని లేచింది. ఆ భారీ మనిషి బల్లల మధ్య సందులోంచి వెళ్ళి, కొత్తమ్మాయి ఎదుట నిలబడి, అందరూ వినేలాగే అంది: "తప్పయిందమ్మా. నిన్ను ఏమని పిలవమంటావు?"

"నా పేరు తెరైతా."

"తెరీటా."

"తెరైతా."

ఉనైసి పెదవులు కూడదీసుకుని మళ్ళీ పలికింది. ఈసారి సరిగ్గా వచ్చింది. ఆ అమ్మాయి తలూపి, పక్కన ఉన్న స్టూలు ఆమె వైపు జరిపింది.