మామ సాగనంపిన యాప్‌లు

ఏడుకొండల వైపు తిరిగి ప్రమాణం చేస్తున్నాను, ఇందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు.

మా మామ చిత్తూరులో పొలాలు కొలిచే సర్వే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఆ తర్వాత గోల్ఫ్ పిచ్చి పట్టింది. చూపు మందగించాక దూరాన గుంత దగ్గర పాతిన జెండా కంటికి ఆనలేదు. ఎంత దూరం కొట్టాలో తెలియక ఆట మానేస్తానన్నాడు. దూరం చెప్పే ఉచిత యాప్‌లు నాలుగు నేనే ఆయన ఫోనులో ఎక్కించాను.

రేణిగుంట దగ్గరి మైదానంలో ఒక్కొక్కటే తెరిచాడు. మొదటిది పేరు చెప్పగానే కార్డు నంబరు అడిగింది. “పోయిరాప్పా” అంటూ, చుట్టాన్ని వాకిలి దాకా సాగనంపినంత మర్యాదగా తీసేశాడు. రెండోది ప్రకటనలు తప్ప ఏమీ చూపలేదు. “నువ్వూ పోయిరాప్పా.” మూడోది మూడు గుంతల దాకా చక్కగా చెప్పి, నాలుగోదానికి డబ్బు కట్టమంది.

“సగం పొలం కొలిచి గొలుసు సుట్టేసినట్టుండాది సూడు. పోయిరాప్పా.”

నాలుగోది ఏమీ అడగకుండానే జెండాకు నూట నలభై గజాలని చూపింది. మామ నమ్మలేదు. గజానికో అంగ చొప్పున లెక్కపెడుతూ జెండా దాకా వెళ్లొచ్చాడు.

“ఎంతొచ్చినాది మామా?”

“నూట నలభై రెండు. ఆ రెండూ నా మోకాళ్లవి లే అల్లుడా. దీన్ని ఉండనీ.”

తర్వాత ఆయన కొట్టిన బంతి జెండా పక్కనే ఆగింది.

ఇప్పుడు చెప్పిన ఆ ఒక్క వాక్యం మాత్రం నేను కల్పించాను. బంతి జెండాకు ఇవతలి ఇసుక గుంతలో పడింది. మామ అక్కడికెళ్లి ఫోను చూసుకుని, “ఇంక పన్నెండు గజాలే, రా అల్లుడా” అంటూ నాకంటే ముందే నడిచాడు.