తడి చూసే చెయ్యి

మా కాలేజీలో బండ్ల స్టాండు చూసుకునే తాత పోయాడు. ఆదివారం పొద్దున నంద్యాల నుంచి అటెండరు ఫోన్ చేసి, "స్టాండు తాత ల్యాడు సార్. నిద్దర్లోనే పోయినాడు" అన్నాడు. అయ్యో అన్నాను గానీ, నన్ను ముందు పట్టుకున్నది దుఃఖం కాదు, భయం. ఇక మావాడిని ఎవరు చూస్తారు?

నేను ఆళ్లగడ్డ నుంచి రోజూ బస్సులో పోయి నంద్యాలలో పాఠాలు చెప్పే మనిషిని. మావాడు అదే కాలేజీలో డిగ్రీ. తండ్రి పక్కన బస్సులో కూర్చుంటే పరువు తక్కువట, బండి అడిగాడు. కొనిచ్చాను. ఆ రోజు నుంచి నా ప్రాణం నా దగ్గర లేదు.

మా కాలేజీ పిల్లలందరికీ హెల్మెట్ ఉంటుంది, తలమీద తప్ప. బండి అద్దానికి తగిలిస్తారు. ఊరి మొదట్లో పోలీసులు కనిపిస్తే పెట్టుకుంటారు, దాటగానే మళ్లీ అద్దానికే. అందుకే తాత గేటులో హెల్మెట్ తీసుకుని లోపల అరచెయ్యి పెట్టి తడిమేవాడు. చెమట తడి ఉంటేనే టోకెను. పొడిగా ఉంటే, "అద్దానికి తలకాయ ఉండాదేమప్పా?" అని అందరి ముందూ అడిగి, బండిని ఎండలో పెట్టించేవాడు. చెయ్యి తువ్వాలుకు తుడుచుకుని తర్వాతివాడిని పిలిచేవాడు. అదేం అసహ్యమని స్టాఫ్ రూములో నవ్వుకునేవాళ్లం. నేనూ నవ్వాను.

ఒకరోజు శిరివెళ్ల దాటాక మా బస్సును ఒక బండి దాటింది. ముగ్గురున్నారు. నడిపేవాడు భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకున్నాడు. ఎదురుగా లారీ. ఆ చొక్కా నేను కొన్నదే. కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి లారీ మా పక్కనుంచి పోయింది, బండి ముందెక్కడో ఉంది. కాలేజీ దగ్గర బస్సు ఆగీ ఆగకముందే దిగాను.

గేటు దగ్గర తాత మావాడిని నిలబెట్టి ఉంచాడు. "సార్, మీవోని హెల్మెట్ తడిగానే ఉండాది. కానీ సీసా నీళ్లు పోసుకొచ్చినాడు."

"ఎట్ల తెలిసింది తాతా?"

"చెమట అంటుకుంటాది సార్, నీళ్లు కారతాయి." మావాడి వైపు తిరిగాడు. "యాడికప్పా అంత బేగ పోతాండావ్? పరీక్ష పోతే మళ్లా రాస్తావు. తలకాయ పోతే ఏం రాస్తావు?"

ఇన్నేళ్లు పాఠాలు చెప్పినా నాకు ఆ మాట రాలేదు. అప్పటి నుంచి మావాడు తాతకు భయపడి హెల్మెట్ పెట్టుకున్నాడు. నేను బస్సు దిగి గేటులోకి రాగానే తాత మావాడి హెల్మెట్ మళ్లీ తడిమి అరచెయ్యి ఎత్తి చూపించేవాడు. తడి మెరిసేది. మావాడు క్షేమంగా చేరాడని అర్థం. అప్పుడు గానీ నాకు ఊపిరి వచ్చేది కాదు. ఆయనకు ఒక్కసారైనా దండం పెట్టలేదు.

కడసారి చూపుకు పోయి ఆ చెయ్యే పట్టుకున్నాను. చల్లగా, పొడిగా ఉంది. వీధి పొడవునా పిల్లల బండ్లు. పాపం, ఏడుస్తూనే వచ్చారు. హెల్మెట్లు మాత్రం అద్దాలకే ఉన్నాయి.

"ఇకనుంచి సాయంత్రం నీ హెల్మెట్ నేను చూస్తాను రా" అన్నాను మావాడితో.

"సరే నాయనా" అన్నాడు వెంటనే.

మరుసటి రోజు కాలేజీ నుంచి వచ్చి, హెల్మెట్‌ను వాకిట్లో మేకుకు తగిలించాడు. "చూస్కో నాయనా" అని లోపలికి పోయాడు. చెయ్యి పెట్టాను. తడిగా ఉంది. హమ్మయ్య అనుకుని చెయ్యి తీశాను.

హెల్మెట్ అంచు నుంచి ఒక చుక్క బండమీద పడింది. చూస్తుండగానే ఇంకొకటి.