మునిసిపాలిటీ వారి ర్యాంపు, మా మామయ్య

మా మామయ్య ఉద్యోగం అటెండరు, చేసే పని ర్యాంపు. నేను కోడలిగా వచ్చేనాటికే ఆయన మునిసిపల్ ఆఫీసులో ఈ రెండో పనిలో స్థిరపడిపోయారు. ఆఫీసు గేటు ఎదుట జిరాక్స్ షాపు నాదే. కాబట్టి ఇదంతా ఎవరో చెబితే విని చెప్పడం లేదు, కళ్లారా చూసి చెబుతున్నాను.

ఆ ఆఫీసు పాత మేడ. కింద గదుల్లో పాత ఫైళ్లు, చీపుళ్లు, రెక్క విరిగిన ఫ్యాన్లు ఉంటాయి. మనుషులకు పనిపడే గదులన్నీ పైనే. మెట్లేమో నిట్టనిలువు. పట్టుకోవడానికి కమ్మీ ఒకవైపే ఉంది, అదీ సగం దాకే. కాళ్లు పనిచేయని వాళ్లో, నడవలేని ముసలివాళ్లో వస్తే "బాబాయ్!" అని పైనుంచి కేక పడేది. మామయ్య తువ్వాలు భుజాన వేసుకుని దిగేవారు. వాళ్ల ముందు వంగి, వీపు మీద ఎక్కించుకుని, పైకి తీసుకెళ్లి బల్ల మీద దించేవారు. ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోలేదు. పుచ్చుకుని ఉంటే మా అత్తయ్య కాస్తయినా ఓర్చుకునేదేమో.

ఊళ్లో అందరికీ ఆయన ర్యాంపు బాబాయి. అది విన్నప్పుడల్లా ఆయన మొహం చూడాలి, శాలువా కప్పినట్టే ఉండేది.

ఒంట్లో లోపం ఉందని ఎవరినీ ఏ ఆఫీసుకూ, ఏ మీటింగుకూ దూరం చేయకూడదని, అందరూ రాగలిగే చోటే పనులు జరగాలని కౌన్సిల్ ఎప్పుడో రూలు పెట్టింది. ఆ రూలు కాగితాన్ని పై అంతస్తులో, మేనేజరు గది పక్కన అంటించారు. మెట్లెక్కలేని వాళ్లకు ఏమేం హక్కులున్నాయో తెలియాలంటే ముందు మెట్లెక్కాలన్నమాట. ఒకసారి తనిఖీకి వచ్చిన మేడమ్ "మీ ర్యాంపు ఏదీ?" అని అడిగితే, మేనేజరు మామయ్యను పిలిచి ఎదురుగా నిలబెట్టాడు. "ఇదిగో మేడమ్" అన్నాడు. మేడమ్ ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది. వాలు ఎంత అని అడగలేదు. కాఫీ తాగి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం మామయ్య ఈ సంగతి చెప్పి మురిసిపోతుంటే, అత్తయ్య ఆయన మోకాళ్లకు నూనె రాస్తూ, "బాగుంది. రేపు మీకు సిమెంటు కూడా పూస్తారు" అంది.

మోకాళ్లు అప్పటికే మొరాయిస్తున్నాయి. మెట్ల మలుపులో ఆగి, తువ్వాలు సర్దుకుంటున్నట్టు నటించేవారు. వీపు మీద మనిషిని పెట్టుకుని తువ్వాలేం సర్దుతారండీ? నాకు ఒళ్లు మండేది. చెప్పేయండి మామయ్యా అంటే, నీళ్లు నమిలేవారు. మోయలేనని తెలిస్తే ఇక తనకు అక్కడేం పని ఉంటుందని ఆయన భయం. అటెండరు పని ఒకటి ఉందని ఆయనే మర్చిపోయారు.

ఇలా ఉండగా టైలరమ్మ వచ్చింది. చిన్నప్పుడే రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. మూడు చక్రాల బండిని చేత్తో తిప్పుకుంటూ తిరుగుతుంది, కుట్టు మిషనూ చేత్తోనే తిప్పుతుంది. ఒక కొట్టు అరుగు మీద కుట్టుకుంటుంటే, అరుగు పగలగొట్టి షట్టరు దింపుతాను, నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యమన్నాడు కొట్టతను. అదే సమయంలో మునిసిపాలిటీ కొత్త మార్కెట్టులో ఇలాంటివాళ్ల కోసం కేటాయించిన కొట్టు లాటరీలో ఆమెకు తగిలింది. తగలగానే సరిపోదు. పై హాల్లో కౌన్సిల్ వాళ్లు పేరు పిలిచినప్పుడు మనిషి ఎదురుగా ఉండాలి. మూడుసార్లు పిలిచినా పలకకపోతే కొట్టు తరువాతి వాళ్లకు పోతుంది. ఆ కొట్టు పోతే ఆమె మిషను పెట్టుకోవడానికి జానెడు చోటు లేదు.

ఆ రోజు నేను జిరాక్స్ కాగితాల కట్ట ఇవ్వడానికి వెళ్లి మెట్ల దగ్గరే ఉన్నాను. మామయ్య అలవాటుగా దిగి వచ్చి, ఆమె బండి ముందు వంగారు. ఆమె కదల్లేదు.

"వద్దు బాబాయిగారూ," అంది. "మీ వీపు గట్టిదే. కానీ ఆ వీపు మీద ఉన్న మనిషికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు. పోయినసారి మీరు నన్ను మోసుకెళ్తుంటే అందరూ పక్కకి జరిగి దారిచ్చారు. నాకు ఏడుపొచ్చింది."

వంగిన మనిషి వంగినట్టే ఉండిపోయారు. పైనుంచి మొదటి పిలుపు వినిపించింది.

మేనేజరు సగం మెట్లు దిగి వచ్చాడు. ఇంత మంచి సదుపాయం పెట్టుకుని పంతానికి పోవడమేంటమ్మా అని మందలించాడు. రూలు ప్రకారం మీరే కిందికి రావాలి అందామె. అలా దిగే ఆనవాయితీ లేదన్నాడు. రెండో పిలుపు కూడా అయిపోయింది. ఆమె చేతులు బండి చక్రాన్ని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. మేనేజరు వాచ్‌మన్‌ని కేకేసి, బాబాయి ఓ పక్క, నువ్వో పక్క బండితో సహా లేపెయ్యండి అన్నాడు.

మామయ్య వాచ్‌మన్ వంక చూశారు, ఆమె చేతుల వంక చూశారు. భుజం మీది తువ్వాలు తీసి, కింది మెట్టు మీద పరుచుకుని, దాని మీద కూర్చున్నారు.

"నేను ఎక్కలేను సార్."

"నువ్వు ఎక్కలేకపోవడమేంటి?"

"మోకాళ్లు పోయాయి సార్. ఏడాది దాటింది. ఈవిణ్ణే కాదు, నన్ను నేనే మోసుకోలేకపోతున్నాను."

ఆఫీసు మొత్తానికి ఉన్న ఒక్క ర్యాంపూ అలా కూలబడింది. ఇక నాకు నోరు ఆగలేదు. రూలు మీ గది పక్కనే ఉంది సార్, చదువుకుంటారా, నా దగ్గర జిరాక్స్ ఉంది ఇవ్వమంటారా అన్నాను. ఆయన నా వంక గుర్రుగా చూసి పైకి వెళ్లాడు. కాసేపటికి మెట్ల మీద కుర్చీల చప్పుడు వినిపించింది. చైర్మన్, సభ్యులు, వాళ్ల మంచినీళ్ల గ్లాసులు ఒకరి వెనక ఒకరుగా దిగి వచ్చి సైకిల్ స్టాండులో కూర్చున్నారు. మూడో పిలుపు అక్కడే పిలిచారు. ఆమె మూరెడు దూరంలో ఉంది. అయినా గుమాస్తా గొంతు చించుకుని పిలిచాడు, పద్ధతి పద్ధతే.

"ఉన్నాను," అంది టైలరమ్మ.

తరువాతి సంగతి ముందే చెప్పేస్తాను. ఆమెకు కొట్టు వచ్చింది. చీపుళ్ల గది ఖాళీ చేసి అర్జీలన్నీ కిందే తీసుకుంటున్నారు, గుమ్మానికి సిమెంటు వాలు కట్టారు. మామయ్యను ఎవరూ తీసేయలేదు. ఆ గది తలుపు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

కానీ నేను చెప్పాలనుకున్నది ఆ సాయంత్రం మాట. మేం ఉండేది అద్దె ఇంట్లో, పై వాటాలో. ఆటో దిగిన మామయ్య మెట్ల దగ్గరికి వచ్చి కమ్మీ పట్టుకున్నారు. ఒక కాలు లేచింది, రెండోది లేవలేదు. నలుగురిలో ఒప్పేసుకున్నాక మోకాళ్లు కూడా ఇక నటించడం మానేశాయి. మా ఆయన గబగబా ముందుకొచ్చి, అచ్చం వాళ్ల నాన్నలాగే వంగి వీపు చూపించాడు. "ఎక్కు నాన్నా, చిటికెలో పైన ఉంటాం" అన్నాడు.

మామయ్య కొడుకు వీపు వంక చాలాసేపు చూశారు. అటు వరండాలో పక్కింటివాళ్లు లేచి, మాకు దారి ఇవ్వడానికి పక్కకు జరిగారు.

"వద్దురా," అన్నారు.

మెట్టు మీద వెనక్కి తిరిగి కూర్చున్నారు. చేతులు ఆనించి, ఒక్కో మెట్టూ కూర్చునే ఎక్కారు. అత్తయ్య ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని, ఆయన ఆగినప్పుడల్లా ఆగుతూ, ఒక మెట్టు కిందుగా నడిచింది. ఆవిడ నోరు మూతపడటం నేను చూసింది ఆ ఒక్కసారే.

పైకి చేరాక ఆయాసం తీర్చుకుని, నా వంక తిరిగారు.

"ఇన్నేళ్లలో ఎవర్నీ అడగలేదమ్మా, ఎత్తుకోనా అని. వాళ్లు నోరు తెరిచేలోపే వంగిపోయేవాణ్ణి."

మంచినీళ్లు కావాలా మామయ్యా అని అడిగాను. కావాలన్నారు. తెచ్చి ఇచ్చాను.